మా ఇంటి టిల్టింగ్ గ్రైండర్: ఒక ఫిజిక్స్ టీచర్ రివ్యూ

చెన్నై టీ నగర్‌లో ఏ పాత్రల షాపుకి వెళ్లినా గ్రైండర్ అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది వాట్లే. గ్రైండర్లకి 150, 200. మిక్సీలకి 750, 1000. షాపులో చూపించే అబ్బాయి కూడా ఆ అంకె మీదే వేలు పెడతాడు. "పవర్ ఎక్కువ మేడమ్, పని తొందరగా అయిపోతుంది" అంటాడు. కొనేవాళ్లూ అదే చూసి కొంటారు. ఆ అంకె చూసి గ్రైండర్ ఎంచుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ప్లగ్గు నుంచి మోటారు సెకనుకి ఎంత శక్తి తీసుకుంటుందో మాత్రమే అది చెబుతుంది. తీసుకున్నదాంట్లో పప్పు రుబ్బడానికి ఎంత పోయింది, మోటారు ఊరికే వేడెక్కడానికి ఎంత పోయింది, పిండి వేడెక్కి పాడవడానికి ఎంత పోయింది అన్నది పెట్టె మీద ఎక్కడా ఉండదు. మనకి కావాల్సింది ఆ లెక్క. అందుకే ఈ రివ్యూ కొంచెం పెద్దదిగా రాస్తున్నాను.

నేను చెన్నైలో ఒక స్కూల్లో తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. మాది నెల్లూరు, పెళ్లయ్యాక పెరంబూరులో స్థిరపడ్డాం. ఇంట్లో అత్తయ్య, మా ఆయన, ఇద్దరు పిల్లలు. మేం ఇడ్లీకి రవ్వ వాడతాం కాబట్టి మినప్పప్పు ఒక్కటే రుబ్బితే చాలు. దోసెలకి బియ్యం కూడా పడుతుంది. పండగలకి గారెలు తప్పవు. మా పై ఫ్లోర్లో ఉన్న తమిళ వాళ్లు ఇడ్లీ బియ్యం కూడా రుబ్బుతారు, వాళ్ల గ్రైండర్ మాదానికన్నా రెట్టింపుసేపు తిరుగుతుంది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఏ ఇంట్లో ఏం రుబ్బుతారో దాన్నిబట్టి ఏ గ్రైండర్ కొనాలన్నది మారుతుంది.

మేం కొన్నది కోయంబత్తూరులో తయారైన రెండు లీటర్ల టిల్టింగ్ రకం, అంటే డ్రమ్ముని వంచి పిండి దింపుకునే రకం. నేమ్‌ప్లేట్ మీద 150 వాట్లు అని ఉంది. అడుగున ఒక గ్రానైటు రాయి, దాని మీద దొర్లే రెండు శంఖువు ఆకారం రాళ్లు, చుట్టూ స్టీలు డ్రమ్ము. ధర ఆరున్నర వేల దాకా అయింది. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది, ఆ ఊరు ఈ పనికి అంత పేరు తెచ్చుకుంది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే పరిమాణంలో, ఇదే పద్ధతిలో పనిచేసే మోడళ్లు చాలా కంపెనీలవి దొరుకుతాయి, నేను చెప్పబోయేవి దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

క్లాసులో చూపించడానికి కొన్న చిన్న వాట్ మీటర్ ఒకటి నా దగ్గర ఉంది. గోడ సాకెట్‌కీ ప్లగ్గుకీ మధ్య పెడితే ఆ క్షణంలో ఎన్ని వాట్లు పోతున్నాయో చూపిస్తుంది. డ్రమ్ములో గ్లాసు నీళ్లు మాత్రం పోసి తిప్పితే అది 90 చూపించింది. 400 గ్రాముల మినప్పప్పు నానబెట్టి, వేసి, పిండి బాగా చిక్కబడ్డాక 130. ఈ రెండు అంకెల మధ్య తేడా 40. ఇందులో కూడా మోటారు లోపల అదనంగా కొంత వృథా పోతుంది, అయినా సుమారుగా 40 అనుకుందాం. అంటే 150 అని రాసి ఉన్న మిషన్‌లో పప్పు మీద నిజంగా జరుగుతున్న పని సెకనుకి 40 జౌళ్లు (జౌల్ అంటే శక్తికి కొలత, సెకనుకి ఒక జౌల్ ఖర్చయితే ఒక వాటు). మిగతా 90 మోటారు చుట్టలు వేడెక్కడానికి, బేరింగుల రాపిడికి, మోటారు నుంచి డ్రమ్ముని తిప్పే బెల్టు వంగి సాగడానికి సరిపోతోంది. గ్రైండర్లలో వాడే చిన్న ఇండక్షన్ మోటార్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి, ఇది ఈ ఒక్క కంపెనీ లోపం అనను. కానీ 150 వాట్ల గ్రైండర్ కన్నా 200 వాట్ల గ్రైండర్ మూడో వంతు ఎక్కువ రుబ్బుతుందని నమ్మి డబ్బులు పెట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ యాభై వాట్లు పప్పు దాకా వస్తున్నాయో, మోటారులోనే ఆగిపోతున్నాయో పెట్టె చూసి చెప్పలేం.

షాపులో ఇంకో మాట కూడా చెబుతారు. రాళ్ల బరువు ఎక్కువ ఉంటే బాగా నలుగుతుందని. ఇది సగం నిజం. రాయి బరువు కిందికి లాగుతుంది. రాయి మాత్రం కిందికి ఎక్కడికీ పోదు, అదే ఎత్తులో ఉండి దొర్లుతుంది. బలం కిందికి, కదలిక అడ్డంగా. రెండిటి మధ్య 90 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ బలం చేసే పని సున్నా అని మా పిల్లలు పరీక్షల్లో రాస్తారు. కాబట్టి రాయి బరువు తనంతట తను ఏ పనీ చెయ్యదు. అది పప్పుని నొక్కి పట్టుకుంటుంది, నొక్కినకొద్దీ ఘర్షణ పెరుగుతుంది, ఆ ఘర్షణని దాటి డ్రమ్ముని తిప్పే పని మోటారు చెయ్యాలి. రాయి బరువు పెంచి మోటారు, బెల్టు అలాగే ఉంచితే బెల్టు జారుతుంది. బరువైన రాళ్లున్న మోడల్ చూపిస్తే బెల్టు వెడల్పు ఎంత, మోటారుకి వారంటీ ఎంత అని కూడా అడగండి.

రాళ్ల ఆకారం గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. డ్రమ్ములో అంచు దగ్గర వేగం ఎక్కువ, నడుమ తక్కువ. రాయి స్తంభం ఆకారంలో ఉంటే దాని పొడవునా ఒకే మందం కాబట్టి ఒకచోట సరిగ్గా దొర్లుతుంది, మిగతా చోట్ల జారుతుంది. శంఖువు ఆకారంలో ఉంటే అంచు వైపు లావుగా, నడుమ వైపు సన్నగా ఉండి వేగానికి తగ్గట్టు దొర్లుతుంది, జారడం తక్కువ. జారని చోట ఘర్షణ వల్ల శక్తి నష్టం ఉండదు, పప్పు నొక్కుడుకి నలుగుతుంది. పిండి మెత్తబడాలంటే కొంత రాపిడి కూడా కావాలి. మా దాంట్లో శంఖువుల మొనలు కోసేసి ఉంటాయి, దొర్లడం ఎక్కువగా, రాపిడి కొంచెంగా రెండూ జరుగుతాయి. మినప్పప్పుకి ఈ పాళ్లు చక్కగా కుదిరాయి.

ఇప్పుడు అసలు విషయం. సెకనుకి 40 జౌళ్ల చొప్పున అరగంట రుబ్బితే 72 వేల జౌళ్లు. ఇవన్నీ ఎక్కడికి పోయాయి? పప్పు గింజల్ని చీల్చడానికి పట్టేది చాలా స్వల్పం. మిగతాదంతా చివరికి వేడే. ఈ విషయం మనుషులకి అర్థమైంది కూడా రుబ్బడం లాంటి పనిలోనే. మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలకి రంధ్రం తొలిచే చోట కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త గొట్టం చుట్టూ నీళ్లు పెట్టి చూశాడు. గుర్రాలు తిప్పుతూనే ఉన్నాయి, లోహం రాపిడికి నీళ్లు వేడెక్కి రెండున్నర గంటలకి మరిగాయి. కింద మంట లేదు. తిప్పినంతసేపూ వేడి పుడుతూనే ఉంది. అది ఆయన 1798లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి చెప్పాడు. తర్వాత మాంచెస్టర్ పక్కన సాల్‌ఫర్డ్‌లో బీరు తయారుచేసే ఇంటి కుర్రాడు జేమ్స్ జౌల్ ఆ వేడికి కొలత కట్టాడు. బరువులు కిందికి దిగుతూ నీళ్లలో తెడ్లని తిప్పేలా అమర్చి, నీళ్లు ఎంత వేడెక్కాయో చాలా జాగ్రత్తగా కొలిచాడు. ఒక పౌను నీళ్లు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కాలంటే 772 పౌన్ల బరువు ఒక అడుగు దిగాలని 1850 నాటికి తేల్చాడు. మన లెక్కలో కిలో నీళ్లు ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 4,180 జౌళ్లు. ఆ శక్తితో అదే కిలో నీళ్లని 427 మీటర్ల ఎత్తుకి లేపొచ్చు. అన్నా సాలైలో ఎల్‌ఐసీ బిల్డింగు ఎత్తు 54 మీటర్లు. అలాంటివి ఎనిమిది ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు ఒక్క డిగ్రీకేనా అని నమ్మరు, బోర్డు మీద లెక్క వేసి చూపించాలి.

మా గ్రైండర్‌లో పప్పు వేసినప్పుడు థర్మామీటర్ 29 డిగ్రీలు చూపించింది. అరగంటయ్యాక 35. పిండి కిలోన్నర, దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 5,250 జౌళ్లు. కాబట్టి ఆరు డిగ్రీలకి పిండి తీసుకున్నది 31 వేల పైచిలుకు. రాళ్లన్నీ కలిపి అయిదున్నర కిలోలు. గ్రానైటు కిలోకి డిగ్రీకి 800 జౌళ్ల దాకా తీసుకుంటుంది, ఆ లెక్కన 26 వేలు రాళ్లలోకి పోయాయి. మిగిలిన 15 వేలు స్టీలు డ్రమ్ముకీ గాలికీ. మొత్తం 72 వేలకీ లెక్క కుదిరింది. నాకు ఈ గ్రైండర్ మీద గౌరవం కలిగింది ఇక్కడే. రాళ్లు రుబ్బడంతోపాటు పిండికి పట్టాల్సిన వేడిలో దాదాపు సగం తాము తీసేసుకుంటున్నాయి. పెద్ద, బరువైన రాళ్ల వల్ల నిజమైన లాభం ఇది, షాపులో ఎవరూ చెప్పనిది.

అదే 400 గ్రాముల పప్పు మిక్సీలో వేశాను. మాది 750 వాట్ల మిక్సీ, మీటర్ 500 దగ్గర ఆడింది. విడతలు విడతలుగా అన్నీ కలిపి ఎనిమిది నిమిషాలు తిరిగింది. గిన్నెలో అంతా కలిపాక 44 డిగ్రీలు. అదే 29 నుంచి మొదలై, పదిహేను డిగ్రీలు పెరిగింది. అంటే పిండిలోకే దాదాపు 80 వేల జౌళ్లు పోయాయి. తీసుకోవడానికి రాళ్లు లేవు, గాలికి వదలడానికి తీరిక లేదు.

కరెంటు లెక్క చూడండి. గ్రైండర్ 130 వాట్లతో అరగంట: 2 లక్షల 34 వేల జౌళ్లు. మిక్సీ 500 వాట్లతో ఎనిమిది నిమిషాలు: 2 లక్షల 40 వేలు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి రెండూ యూనిట్‌లో పదిహేనో వంతు దగ్గరే. గ్రైండర్ గంటలు గంటలు తిరిగి బిల్లు పెంచుతుందని భయపడేవాళ్లకి, ఎక్కువ వాట్ల మిక్సీ కరెంటు తాగేస్తుందని భయపడేవాళ్లకి ఒకటే జవాబు: రెండూ సమానం. తమిళనాడులో ఇళ్లకి రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం కూడా, పిండి రుబ్బినందుకు అయ్యే ఖర్చు పట్టించుకోవాల్సింది కాదు. గోడ నుంచి వచ్చిన శక్తి ఒకటే అయినా ఒకటి నెమ్మదిగా రాళ్ల మీదుగా వచ్చింది, ఇంకొకటి వేగంగా బ్లేడు మీదుగా వచ్చింది. పిండిలో తేడా అందుకే.

బ్లేడు వేగం సంగతి కూడా చెప్పాలి. లోడు మీద మిక్సీ నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతుందనుకుంటే, నడుమ నుంచి మూడు సెంటీమీటర్ల దూరంలో ఉండే బ్లేడు కొస సెకనుకి 31 మీటర్ల వేగంతో పోతుంది. మా గ్రైండర్ డ్రమ్ము నిమిషానికి 130 చుట్లు, దాని అంచు వేగం సెకనుకి ఒకటిన్నర మీటర్లు. వేగం ఇరవై రెట్లు. గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, వేగం వర్గంతో పెరుగుతుంది కనక బ్లేడు తగిలి ఎగిరిన పిండి చుక్కకి డ్రమ్ము అంచున ఉన్న పిండి చుక్క కన్నా నాలుగు వందల రెట్లు ఎక్కువ శక్తి. ఆ చుక్క మిక్సీ జార్ గోడకి కొట్టుకుని ఆగిపోగానే అదంతా వేడి. గ్రైండర్‌లో పిండి మడతలు పడుతూ, గాలిని లోపల దాచుకుంటూ తిరుగుతుంది. గారెల పిండి చిటికెడు తీసి నీళ్లలో వేస్తే తేలాలని అత్తయ్య చూస్తారు. గ్రైండర్ పిండి తేలుతుంది. మిక్సీ పిండి నీళ్లు ఎక్కువ పోస్తే గానీ తిరగదు, తిరిగినా మునుగుతుంది.

మిక్సీలో ఐసు నీళ్లు పోసి రుబ్బమని చాలామంది చెబుతారు. అది మంచి సలహానే. వంద గ్రాముల ఐసు కరగడానికే 33 వేల జౌళ్లకి పైగా తీసుకుంటుంది, కిలోన్నర పిండికి ఆరు డిగ్రీల వేడి తగ్గినట్టే. ఇడ్లీ పిండికి ఈ పద్ధతి పనికొస్తుంది. గారెలకి పనికిరాదు, ఎందుకంటే ఆ ఐసు కరిగి నీళ్లే అవుతుంది, గారెల పిండికి నీళ్లే శత్రువు. ఇంట్లో ఇద్దరే ఉండి, ఇడ్లీ పిండి మాత్రమే చేసుకునేవాళ్లు మిక్సీ, ఐసు నీళ్లతో గడిపేసుకోవచ్చు. గారెలు, పెసరట్టు, వారానికి సరిపడా దోసె పిండి చేసుకునే ఇంటికి గ్రైండర్ కావాలి.

టిల్టింగ్ ఎందుకు తీసుకున్నామో ఇప్పుడు చెబుతాను. మామూలు రకానికన్నా ఇది వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ. మామూలు దాంట్లో రాళ్లు తీసి, పిండి చేత్తో తోడి, డ్రమ్ము ఎత్తి సింకులో పెట్టి కడగాలి. తొమ్మిది కిలోల డ్రమ్ముని 30 సెంటీమీటర్లు ఎత్తితే చేసిన పని 26 జౌళ్లు. మిషన్ మొత్తాన్ని కింది నుంచి గట్టు మీదికి ఎత్తితే వంద జౌళ్ల పైన. పప్పు మీద జరిగిన 72 వేల ముందు ఇవి లెక్కలోకే రావు. కానీ ఇంట్లో గ్రైండర్ మూలన పడేది ఈ వంద జౌళ్ల వల్లే. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి, నడుం పట్టేసిన మనిషికి ఆ ఎత్తడమే కష్టం. టిల్టింగ్‌లో పిడి పట్టుకుని వంచితే రాళ్లతో సహా డ్రమ్ము ఒరుగుతుంది, బరువు మధ్యబిందువు కొద్ది సెంటీమీటర్లే కదులుతుంది, పిండి గిన్నెలోకి జారుతుంది. డెబ్భై దాటిన అత్తయ్య ఎవరి సాయం లేకుండా పిండి దింపుకుంటున్నారు. ఆ పదిహేను వందలకి నాకు ఇంకే సమర్థన అక్కర్లేదు.

అత్తయ్య నెల్లూరులో ఉన్నన్నాళ్లూ రుబ్బురోట్లో రుబ్బినావిడే. ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పప్పు తోస్తూ. ఆవిడకి ఈ లెక్కలన్నీ చెప్పాను. చేత్తో అదే 72 వేల జౌళ్ల పని చెయ్యాలంటే, ఒంట్లో నాలుగో వంతు శక్తే పనిగా మారుతుంది కాబట్టి, తిండి రూపంలో డెబ్భై కేలరీల దాకా ఖర్చవుతుంది. ఒకటిన్నర ఇడ్లీలో ఉండేంత. అత్తయ్య విని, "లెక్క సరే అమ్మాయ్, మరి ఆ రాత్రంతా భుజం ఎందుకు లాగేది?" అన్నారు.

ఆ ప్రశ్న ఏటా క్లాసులో కూడా వస్తుంది. పుస్తకాల సంచి పట్టుకుని కదలకుండా నిలబడితే పని సున్నా అని పాఠంలో ఉంటుంది, మరి చెయ్యి ఎందుకు నొప్పి పుడుతుంది టీచర్ అని. కండరం బయటికి కదలకపోయినా లోపల దాని పోగులు లాగుతూ వదులుతూనే ఉంటాయి, దానికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. వంగిన నడుముని పట్టి ఉంచాలి, పొత్రాన్ని పక్కకి పడిపోకుండా ఆపాలి, పప్పు తోసే చేతిని రాయికి తగలకుండా చూసుకోవాలి. పప్పు మీద జరిగిన పనిలో ఇవేవీ కనిపించవు. ఒంటికి మాత్రం అన్నీ తెలుస్తాయి. జౌళ్లలో కొలిస్తే చిన్నదిగా కనిపించే ఈ పనిని ఇళ్లలో ఆడవాళ్లు ఏళ్లకేళ్లు చేశారు, దాన్ని చిన్నపని అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్ ఉచితంగా పంచడం మొదలుపెట్టినప్పుడు చాలామంది విమర్శించారు. మా ఇంట్లో పనిచేసే అక్క వాళ్లింట్లో ఆ గ్రైండర్ ఇప్పటికీ తిరుగుతోంది. ఆవిడ పొద్దున పనికి బయల్దేరే ముందే పిండి అయిపోతోంది.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది బెల్టు. మోటారు నిమిషానికి 1,400 చుట్లు తిరిగితే డ్రమ్ము 130 తిరుగుతుంది. వేగం పదకొండో వంతుకి తగ్గి, తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది, ఆ మార్పంతా ఒక సన్నటి బెల్టు మీదే జరుగుతుంది. గారెల పిండి మరీ గట్టిగా ఉంటే బెల్టు జారి, కాలిన రబ్బరు వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే పప్పు మీద జరగాల్సిన పని బెల్టు మీద జరుగుతోందని అర్థం. వెంటనే ఆపి, రెండు చెంచాల నీళ్లు చల్లి, మళ్లీ తిప్పాలి. మా బెల్టు వారంటీ ఉండగానే వదులైంది. సర్వీసు వాళ్లు రేపు, ఎల్లుండి అంటూ చాలా రోజులు తిప్పి, చివరికి వచ్చి పావుగంటలో మార్చి వెళ్లారు. పావుగంట పనికి అంతగా తిప్పడం నాకు నచ్చలేదు. బెల్టు బయట మామూలు షాపుల్లో కూడా దొరుకుతుంది, కొనేటప్పుడే ఒకటి అదనంగా తీసి పెట్టుకోండి.

రెండోది వోల్టేజీ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం అన్ని ఇళ్లలో ఏసీలు వేశాక మా వీధిలో వోల్టేజీ 200కి దిగుతుంది. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 నుంచి 200కి దిగితే బలంలో నాలుగో వంతు పోయినట్టే. డ్రమ్ములో పప్పంతా వేసి అప్పుడు స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది, తిరగదు. ముందు ఖాళీ డ్రమ్ములో కొంచెం నీళ్లు పోసి తిప్పడం మొదలుపెట్టి, తర్వాత గుప్పెడు గుప్పెడుగా పప్పు వెయ్యాలి. ఎండాకాలంలో మేం పొద్దున్నే రుబ్బేస్తున్నాం.

డ్రమ్ము ఆగే తీరు చూస్తే మిషన్ ఆరోగ్యం తెలుస్తుంది. డ్రమ్ములోనూ మోటారు లోపల తిరిగే భాగంలోనూ కలిపి ఉన్న గతిజ శక్తి నాలుగు జౌళ్లకి మించదు. చిక్కటి పిండి ఉండగా స్విచ్ ఆపితే పావు చుట్టు తిరిగేలోపే ఆగిపోవడం మామూలే, పిండి ఆ నాలుగు జౌళ్లనీ క్షణంలో తీసేసుకుంటుంది. నీళ్లు మాత్రం ఉన్నప్పుడు ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగాలి. నీళ్లతో కూడా టక్కున ఆగిపోతుంటే బేరింగు పట్టేస్తోందేమో చూపించుకోవాలి. షాపులో డెమో చూసేటప్పుడు కూడా ఇది చూడొచ్చు, కాణీ ఖర్చు లేని పరీక్ష.

పిండిని గోడ నుంచి గీకే ప్లాస్టిక్ పలక నాసిగా ఉంది. పిండి అంచుకి అంటుకుని రాళ్ల కిందికి రాకుండా ఉండిపోతుంది, మధ్య మధ్య గరిటెతో తొయ్యాలి. రాళ్లు తిరిగే ఇరుసు దగ్గర పిండి చేరుతుంది, అక్కడ బ్రష్‌తో కడగకపోతే మర్నాటికి వాసన. చప్పుడు తక్కువే, పక్క గదిలో పిల్లలు చదువుకోవచ్చు.

దీంతోపాటు చపాతీ పిండి కలిపే సామాను, కొబ్బరి తురిమేది ఇచ్చారు. కొబ్బరి తురిమేది బాగానే పనిచేస్తుంది. చపాతీ పిండిది మాత్రం బీరువాలో పెట్టేశాం. గోధుమపిండి సాగుతూ వెనక్కి లాగుతుంది, ఈ మోటారుకి, ఈ బెల్టుకి ఆ లాగుడు మించిన పని. ఆ సామాను కోసం ఎక్కువ డబ్బు అడిగే మోడల్ తీసుకోకండి. ఆ డబ్బు టిల్టింగ్‌కి పెట్టండి, మోటారు వారంటీ అయిదేళ్లు ఉన్నదే చూసి తీసుకోండి, బిల్లు మీద షాపు ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. సర్వీసు వాళ్లు మొదట అడిగేది అదే.